వెండి ధర పెరిగితే నిసాబ్ ఎక్కడికి జరుగుతుంది?

బంగారం ధర పెరిగితే పెళ్లీడు పిల్లలున్న ఇళ్లలో దిగులు. వెండి ధర పెరిగితే జకాత్ ఇచ్చేవారూ, పుచ్చుకునేవారూ ఇద్దరూ లెక్క మళ్లీ చూసుకోవాలి. మన ప్రాంతపు ఉలమాల్లో ఎక్కువమంది నగదుకూ, వ్యాపార సరుకుకూ వెండి నిసాబ్‌నే కొలతగా చెబుతారు. కనుక పత్రికలో కిలో వెండి అంకె మారినప్పుడల్లా, ఎవరు సాహెబే నిసాబ్, ఎవరు కాదు అనే గీత కూడా జరుగుతుంది.

వెండి నిసాబ్ 200 దిర్హమ్‌లు. మన దేశంలో దాన్ని 52.5 తులాలుగా, అంటే 612.36 గ్రాములుగా లెక్కిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పాత తులం 11.66 గ్రాములు. ఆంగ్లేయుల కాలపు వెండి రూపాయి బరువూ అంతే. ఇప్పుడు మన బంగారం కొట్లలో తులం అంటే 10 గ్రాములు. కొట్టు తులంతో లెక్క కడితే 525 గ్రాములే వస్తాయి, 87 గ్రాములు తగ్గిపోతాయి. బంగారం నిసాబ్ 7.5 తులాలు కూడా పాత తులాలే. అంటే 87.48 గ్రాములు, 75 కాదు. కొందరు ఆలిములు 595 గ్రాముల వెండి, 85 గ్రాముల బంగారం అంటారు. మీ ఇమామ్ సాహెబ్ చెప్పినదాన్ని పట్టుకుని ప్రతి ఏడూ దానితోనే లెక్క వేయండి. ఏడాదికో కొలత మార్చుకోవద్దు.

ఇప్పుడు రూపాయల్లో చూద్దాం. 2025 జనవరిలో కిలో వెండి సుమారు 90 వేలు. ఆ ధరకు నిసాబ్ దాదాపు 55,100 రూపాయలు. అదే ఏడాది డిసెంబరులో కిలో 2 లక్షలు దాటింది. 2 లక్షలకు నిసాబ్ సుమారు 1,22,500. ఒక దర్జీ ఇంట్లో అప్పులు పోను లక్ష రూపాయలు ఏడాదిగా నిలవ ఉన్నాయనుకోండి. మొదటి ధరకు ఆయన 2,500 రూపాయల జకాత్ ఇవ్వవలసినవాడు. రెండో ధరకు ఆయన మీద జకాత్ లేదు. కష్టంలో ఉంటే పుచ్చుకోవడానికి కూడా అర్హుడే.

ఇలాంటి ఇళ్లు వంద ఉంటే బైతుల్‌మాల్‌కు రెండున్నర లక్షలు తగ్గుతాయి. మరోపక్క ఫీజులకూ, మందులకూ దరఖాస్తు పెట్టే అర్హుల వరస పొడుగవుతుంది. ఆ లోటు పూడవలసింది బీరువాలో లోహం ఉన్న ఇళ్లనుంచే. కిలో వెండి ఉన్న ఇంటికి 90 వేల ధర మీద జకాత్ 2,250 అయితే, 2 లక్షల మీద 5,000. పాన్‌దాన్, పళ్లెం బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు, బాధ్యత మాత్రం రెండింతలు దాటింది. "పోయినేడు ఇచ్చినంతే ఈ ఏడూ" అనే అలవాటు మనలో చాలా ఇళ్లలో ఉంది. ఈ రోజుల్లో ఆ అలవాటు పేదవాడి హక్కును సగానికి కోస్తుంది. లెక్క మీ జకాత్ తేదీ నాటి ధర మీదే ఉండాలి. ఏ ధరకు కొన్నామన్నది ఇక్కడ అక్కరలేదు, మజూరీ కూడా కలపనక్కరలేదు.

మరి ఇక ముందు ధర ఏమవుతుంది? "ఇంత ధర ఖాయం" అనేవారిని మేము నమ్మం. ధర ఎందుకు కదులుతుందో తెలుసుకుంటే చాలు. వెండిలో ఎక్కువ భాగం సీసం, జింకు, రాగి, బంగారం గనుల్లో పక్క ఉత్పత్తిగా వస్తుంది. మన దేశంలోనూ రాజస్థాన్ జింకు గనులే ముఖ్య ఆధారం. అందుకే ధర పెరిగినా తవ్వకం వెంటనే పెరగదు. వాడకంలో సగానికి పైగా పరిశ్రమలది. సోలార్ పలకలు, ఎలక్ట్రానిక్స్ అందులో పెద్దవి. 2021 నుంచి ప్రపంచంలో సరఫరా కంటే వాడకమే ఎక్కువగా ఉంటూ వచ్చింది. ఇవన్నీ ధరను పైకి నెట్టేవి. కానీ వెండి మరీ ప్రియమైతే సోలార్ కంపెనీలు దాన్ని తగ్గించి రాగి వైపు మళ్లుతాయి. ఆ ప్రయత్నం ఇప్పటికే మొదలైంది.

పాత చరిత్ర కూడా చూడండి. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగుచేయడంతో ఔన్సు 50 డాలర్ల దాకా పోయింది. మార్చి ఆఖరుకు 11 డాలర్ల దగ్గరకు పడింది. 2011 ఏప్రిల్‌లో మన దగ్గర కిలో 70 వేలు దాటింది, 2015 చివరికి 35 వేల దాకా దిగింది. ఆ ఏప్రిల్‌లో కూతురి నికాహ్ కోసం కొని, నాలుగేళ్ల తర్వాత అమ్మవలసి వచ్చిన తండ్రికి సగం డబ్బే దక్కింది. అందుకే మూడు నాలుగేళ్లలో అవసరపడే సొమ్మును వెండిలో పెట్టవద్దంటాం. పదేళ్లు ముట్టనక్కరలేని సొమ్ములో కొంత భాగం, అదీ నెలనెలా కొద్దికొద్దిగా అయితే సరే.

కొనేటప్పుడు 999 బిళ్ళ, కడ్డీ తీసుకుంటే మజూరీ తక్కువ. 925 అంటే వెయ్యిలో 925 పాళ్లే వెండి, జకాత్‌కూ అమ్మకానికీ ఇది గుర్తుంచుకోవాలి. జీఎస్టీ 3 శాతం తిరిగి రాదు, అమ్మేచోట తరుగు కూడా పోతుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండికీ హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ వచ్చింది. అది తప్పనిసరి కాదు, కనుక మనమే అడిగి తీసుకోవాలి. బిల్లు దాచుకోండి.

ఒక మాట ప్రత్యేకంగా. పాత వెండి ఇచ్చి, బరువు తేడాతో కొత్త వెండి మార్చుకోవడం మన కొట్లలో మామూలు. షరీఅత్‌లో వెండికి వెండి మార్పిడి సమాన బరువుతో, చేతికి చేయిగా జరగాలి. తేలిక దారి ఉంది. పాతది అమ్మి డబ్బు చేతిలోకి తీసుకోండి, ఆ తర్వాత కొత్తది కొనండి. ఉధారు మీద, వాయిదాల మీద కొనే ముందు ముఫ్తీ సాహెబ్‌ను అడగండి.

వెండి ఉంది, నగదు లేదు అనేవారికి జకాత్ వెండిగానే ఇచ్చే వీలుంది. కిలోకు 25 గ్రాములు. అంత బరువున్న బిళ్ళ తెచ్చి సంఘంలో ఇచ్చినా రసీదు ఇస్తారు. లేదా ఆ రోజు ధర కట్టి డబ్బు ఇవ్వవచ్చు.