ఒక ఫారం నిండితే మరో ఫారం కదలాలి



ప్రోగ్రాం రాయడం వచ్చినవారికే కంప్యూటర్ పని అనుకునే రోజులు పోయాయి. కోడ్ దాదాపు లేకుండానే ఆఫీసు ఫారాలు తయారు చేసుకునే సాధనాలు వచ్చాయి. చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో కంపెనీ 2006లో తెచ్చిన జోహో క్రియేటర్ అటువంటిదే. ఫారం చేయడం గంట పని. ఫారాలను ఒకదానితో ఒకటి ముడివేయడమే అసలు విద్య. దీన్ని మనకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. (మన తనకల్లు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది గానీ, అప్పట్లో రెండూ ఒకే జిల్లా.) ఆనాటి ఆంధ్రప్రదేశ్‌లో దాని లెక్కలకు టి.సి.ఎస్. సంస్థ సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. అప్పటి కాగితాల వరుస ఇది: కుటుంబానికి జాబ్‌కార్డు, హాజరుకు మస్టరు, పనికి కొలతల పుస్తకం, ఆపైన చెల్లింపు. ఒకటి రాకపోతే తర్వాతది కదిలేది కాదు. 2005 చట్టం ప్రకారం కూలి 15 రోజుల్లోపు అందాల్సి ఉండేది. మస్టరు ఒక బల్లమీద వారం పడి ఉంటే గడువులో సగం అక్కడే పోయేది. వాన లేక వేరుశనగ ఎండిన ఇంటికి ఆ వారం చిన్నది కాదు.

ఇప్పుడు ముడి ఎలా వేయాలి? పేరు, ఊరు, ఖాతా నంబరు జాబ్‌కార్డు ఫారంలో ఒక్కసారే రాయాలి. మస్టరు ఫారంలో వాటిని మళ్ళీ టైపు చేయకుండా 'లుకప్' గడి పెట్టాలి. ఆ గడి జాబ్‌కార్డు రికార్డునే చూపిస్తుంది. కదిరి నరసింహస్వామి దయవల్ల మన వైపు ఊరికి పదిమంది నరసింహులు ఉంటారు కదా! పేరును నమ్ముకుంటే ఒకరి కూలి ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అందుకే లుకప్‌లో పేరు పక్కన కార్డు నంబరు కూడా కనిపించాలి.

తర్వాత వర్క్‌ఫ్లో. కొలత ఫారం సేవ్ కాగానే చెల్లింపు ఫారం దానంతటదే పుట్టాలి. ఉదాహరణకు ఐదుగురి జట్టు పని విలువ రూ. 4,200 అనుకోండి. నలుగురు ఆరేసి రోజులు, ఒకరు నాలుగు రోజులు వచ్చారు. మొత్తం 28 పనిదినాలు, రోజుకు రూ. 150. నలుగురికి తలా రూ. 900, ఐదవవారికి రూ. 600. మస్టరు నుండి రోజులు, కొలత నుండి విలువ తీసుకుని ఈ లెక్క వర్క్‌ఫ్లోనే చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. వర్క్‌ఫ్లోను 'కొత్తగా చేర్చినప్పుడు', 'మార్చినప్పుడు' రెంటికీ పెడితే, కొలతలో ఒక అంకె దిద్దగానే రెండో చెల్లింపు పుడుతుంది. కాబట్టి కొత్త రికార్డుకే చెల్లింపు పుట్టించాలి. మార్పు జరిగితే పాత చెల్లింపును వెతికి, అది ఇంకా ఆమోదం కాకపోతేనే దిద్దాలి. ఆమోదం అయిపోతే అధికారికి కబురు వెళ్ళాలి. అక్కడ యంత్రం ఆగి, మనిషి చూడాలి.

అభ్యాసం: మన హాస్టల్ హాజరు రిజిస్టరు, సరుకుల స్టాకు రిజిస్టరు ఈ పద్ధతిలో ముడివేయండి. ఈ రోజు హాజరును బట్టి రేపటి బియ్యం ఎన్ని కిలోలో రావాలి. సాయంత్రం ఇద్దరు పిల్లలు ఊరికి వెళ్తే ఏ ఫారం మారాలి, ఏది మారకూడదు?