బాకా మూతి ఎటు తిప్పారు? : ఒక మైకు సెట్టువాడి అనుభవ పాఠాలు

మాది తణుకు దగ్గర ఓ మోస్తరు ఊరు. మా నాన్న పెట్టిన మైకు సెట్టుని నేను నడిపాను. గ్రామఫోను ప్లేట్ల కాలం నుంచి క్యాసెట్లు, సీడీలు దాటి పెన్‌డ్రైవ్ దాకా. పెళ్ళికీ చావుకీ, జాతరకీ ఎన్నికలకీ మా బాకాలే. ఘంటసాల భగవద్గీతా, రికార్డింగ్ డాన్సు పాటా ఒకే తీగలోంచి పోయాయి. ఇప్పుడు షాపు మా తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. "పెదనాన్నా, ఈ బూతు పాటలూ నరుకుడు పాటలూ ప్రభుత్వమే సెన్సార్ చేసి పారేస్తే పోతుంది కదా, రోజూ మనకీ తగువులెందుకు?" అన్నాడు మొన్న. వాడికది వ్యాపార ప్రశ్న. ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి గుర్తొచ్చిన వరసలో రాసిస్తున్నాను.

1. బూతు డీజేతో పాటు ఊళ్ళోకి దిగిన సరుకేం కాదు.

మా చిన్నప్పటికే అయిదు రోజుల పెళ్ళిళ్ళు పోయాయి గానీ, వియ్యాలవారి మీద పాటలు పోలేదు. మగపెళ్ళివారు బంతిలో కూర్చోవడం ఆలస్యం, ఆడపెళ్ళివారి ముత్తైదువులు తలుపు చాటున చేరి అందుకునేవారు. వియ్యపురాలి నడకా నడతా, ఆవిడకి లేని ప్రియుళ్ళు, వియ్యంకుడి చేతకానితనం, ఏదీ వదిలేవారు కాదు. పొద్దున మడి కట్టుకుని నైవేద్యం వండినవాళ్ళే ఈ పాటలకి పెద్దలు. అవతలివాళ్ళూ తక్కువ తినలేదు, వడ్డీతో సహా అప్పజెప్పేవారు. నవ్వు ఆపుకోలేక పొలమారిన వియ్యంకుల్ని చూశాను గానీ కోపంతో లేచినవాణ్ణి చూళ్ళేదు.

పాట ఎత్తుకునే ముందు మాత్రం ఎవరో ఒక పెద్దావిడ నా వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, నీ మైకు కట్టెయ్. ఇది ఇంట్లో పాట, ఊరికి వినిపించేది కాదు" అనేది. నేను తీగ పీకేసేవాణ్ణి. టేప్‌రికార్డర్లు వచ్చాక ఓ పెళ్ళిలో ఒక కుర్రాడు ఆ పాటల్ని గుట్టుగా రికార్డు చేసి, రాత్రి ఊరేగింపులో పెట్టించాడు. అవే గొంతులు, అవే మాటలు. మగపెళ్ళివారిలో సగం మంది మర్నాటి భోజనానికి ఉండకుండా బస్సెక్కేశారు. మధ్యాహ్నం నవ్వినవాళ్ళే వాళ్ళంతా. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క పెళ్ళిలోనే ఉంది. మిగతావి దానికి సాక్ష్యాలు.

2. నిషేధించే చేతికి బూతూ తిరుగుబాటూ ఒకే రకంగా కనిపిస్తాయి.

ముద్దుపళని అనే కవయిత్రి 18వ శతాబ్దంలో తంజావూరులో ‘రాధికా సాంత్వనము’ రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి చేత అచ్చు వేయించింది. కొద్దికాలానికే అశ్లీలమని తెల్లదొరల ప్రభుత్వం ప్రతులు పట్టుకుపోయింది. అది పాట కాదు, పద్యకావ్యమే. అయినా ఈ లెక్కలోదే. అంతకంటే పచ్చిగా మగకవులు రాసిన ప్రబంధాలు బీరువాల్లో భద్రంగానే ఉన్నాయి. ఆడది ఆడదాని కోరిక రాయడమే తప్పయింది. ఆ తర్వాత పదేళ్ళకి, సహాయ నిరాకరణ రోజుల్లో, గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ కడితే ఆయన్ని జైల్లో పెట్టారు. ఆ పాటలో బూతు ముక్క ఒక్కటి లేదు. పుస్తకాన్ని పట్టుకున్నదీ, పాటగాణ్ణి పట్టుకున్నదీ ఒకే సర్కారు.

ఆ నాగరత్నమ్మే తర్వాత సొంత సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. పుస్తకం మీద నిషేధం తొలగడానికి ప్రకాశం పంతులుగారు పూనుకోవలసి వచ్చింది. 1952లో వావిళ్ళవారు మళ్ళీ వేశారు.

3. ఒక తలుపు మూస్తే జనం పక్కింటి కిటికీ దగ్గర చేరతారు.

ఆ 1952లోనే కేంద్రంలో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలు చౌకబారుగా తోచాయి. ఆకాశవాణిలో అవి దాదాపు మాయమయ్యాయి. జనం శాస్త్రీయ సంగీతానికి మళ్ళుతారని ఆయన ఆశ. మళ్ళింది రేడియో ముల్లు, సిలోనుకి. మా నాన్న చెప్పేవాడు, కాఫీ హోటలువాళ్ళు సిలోను సరిగ్గా పట్టించే రేడియో కోసం ఎంతైనా పెట్టేవారని. అమీన్ సయానీ హిందీ పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా అక్కణ్ణుంచే వచ్చేది. సిలోను తెలుగు అనౌన్సరు మీనాక్షీ పొన్నుదురై గొంతు వినడానికి తెలుగువాళ్ళూ గరగరల మధ్య చెవి పెట్టుకు కూర్చునేవారు. చివరికి 1957లో ప్రభుత్వమే వివిధభారతి పెట్టి ఆ పాటల్ని తిరిగి పిలుచుకుంది.

అమెరికావాళ్ళదీ అదే కథ. 1985లో టిప్పర్ గోర్ అనే సెనేటరు భార్య, కూతురు వింటున్న ప్రిన్స్ అనే గాయకుడి పాట విని హడలిపోయి, తోటివారితో కలిసి గొడవని సెనేట్ దాకా తీసుకెళ్ళింది. క్యాసెట్ల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక చీటీ వచ్చింది. 1990లో ఫ్లోరిడాలో ఒక జడ్జిగారు ‘టూ లైవ్ క్రూ’ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ అశ్లీలమని తీర్పిస్తే, అమ్మిన దుకాణదారుణ్ణి అరెస్టు చేశారు. ఆల్బమ్ లక్షల్లో అమ్ముడుపోయింది, 1992లో పైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. మన టూరింగు టాకీసువాళ్ళు పోస్టరు మీద ‘ఏ’ అక్షరం అంత లావుగా ఎందుకు రాయించేవారో తెలిసినవాడికి ఇందులో వింతేమీ లేదు.

4. మందు పాట వద్దనే సర్కారుకి మందు షాపు కూడా ఉంటుంది.

2015లో తమిళనాడులో కోవన్ అనే జానపద గాయకుణ్ణి అర్ధరాత్రి వేళ పట్టుకెళ్ళి రాజద్రోహం కేసు పెట్టారు. ఆయన చేసిన నేరం, ప్రభుత్వ మద్యం దుకాణాలు మూసెయ్యమని పాడడం. 2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ హైదరాబాదులో కచేరీకి వస్తే, మద్యం, మత్తు, హింసల్ని పొగిడే పాటలు పాడొద్దని తెలంగాణ అధికారులు ముందే నోటీసు ఇచ్చారు. ఆయన తెలివిగా మందు మాట ఉన్నచోట కూల్‌డ్రింకు మాట పెట్టి పాడేశాడు. జనం అసలు మాటే అరిచి ఉంటారు, ఎన్ని కచేరీలకు మైకు కట్టానో నాకు తెలుసు. రెండు రోజులాగి అహ్మదాబాదులో, రాష్ట్రాలన్నీ మద్యం షాపులు మూసేస్తే నేనూ ఆ పాటలు మానేస్తానన్నాడు.

మందు తాగమన్నవాడికి నోటీసు, తాగించొద్దన్నవాడికి జైలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడు. పాటల మీద కత్తెర ఏ శాఖ చేతికిచ్చినా అది ముందు తన ఖజానా చూసుకుంటుంది. పిల్లల్ని వేదిక మీదికి ఎక్కించొద్దన్న మాట కూడా ఆ హైదరాబాదు నోటీసులో ఉంది. అది మాత్రం మంచి మాట. చెవులు చిల్లులు పడే ఆ సౌండుకి పసివాళ్ళని దూరంగా ఉంచాల్సిందే.

5. కత్తి పాటలో లేకపోయినా బాకాలో ఉండొచ్చు.

‘బండెనక బండి కట్టి’ తెలియని తెలుగువాడుండడు. తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట, ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక మా గోదావరి ఊళ్ళకీ వచ్చింది. నిజాముకి చావు మూడిందని మొహం మీదే చెప్పే పాట అది. హింసాత్మక సాహిత్యం కూడదని చట్టంలో ఒక వాక్యం రాస్తే ముందు ఎగిరిపోయేది అదే. గద్దర్ పాట పెట్టడానికి మా వృత్తివాళ్ళు గుండె చిక్కబట్టుకున్న రోజులున్నాయి. ఇవాళ తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకి ఆయన పేరే పెట్టింది.

దీనికి ఎదురుగా ఒక రాత్రి సంగతి చెబుతాను. జాతర ఊరేగింపు. ట్రాక్టరు మీద జనరేటరు, నాలుగు బాకాలు, నేను. ఒక పేట మలుపు దగ్గరికి రాగానే కుర్రాళ్ళు బండి ఆపించారు. అడిగింది సినిమా పాటే, సెన్సారు బోర్డు కత్తెర పడనిదే. మా వాడు మొనగాడు, మా వంశం గొప్పది అంటుంది, అంతే. కొట్టెయ్యడానికి ఒక్క మాట దొరకదు. కానీ నాలుగు బాకాల మూతులూ పేట వైపు తిప్పమన్నారు. అయిపోగానే మళ్ళీ అదే వెయ్యమన్నారు, మళ్ళీ అదే. పేటలో అరుగుల మీద మగవాళ్ళు ఒక్కొక్కరే లేవడం ట్రాక్టరు మీంచి నాకు కనిపిస్తోంది. ఒకడు లోపలికెళ్ళి కర్ర తెచ్చుకున్నాడు. నేను జనరేటరు ఆపేసి, "డీజిలైపోయింది" అన్నాను. నన్నూ మా నాన్ననీ కలిపి తిట్టి బండి ముందుకు పోనిచ్చారు. పేట దాటాక డీజిలు మళ్ళీ పుట్టింది.

సిమోన్ బికిండీ అనే రువాండా గాయకుడి కేసు గురించి చదివినప్పుడు నాకు ఆ మలుపే కళ్ళకు కట్టింది. 1994 మారణహోమంలో అతని పాటల్ని ఒక రేడియో ఊదరగొట్టింది. అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ పాటల్ని మాట మాటా విప్పి విచారించింది. ద్వేషం రగిలించడానికి వాటిని వాడుకున్నారని ఒప్పుకుంది. అయినా 2008లో అతనికి పదిహేనేళ్ళ శిక్ష వేసింది ఆ పాటలకి కాదు. మైకు కట్టిన బండిలో రోడ్డు వెంట పోతూ, టుట్సీ తెగవాళ్ళని చంపమని జనాన్ని ఎగదోసినందుకు. ఎప్పుడో కట్టిన పాటకీ, ఇప్పుడీ రోడ్డు మీద ఫలానావాళ్ళని చంపండని అరవడానికీ ఉన్న తేడా ఆ న్యాయమూర్తులు పట్టుకున్నారు. బతికున్న మనుషుల్ని, ఫలానా పేటని, ఫలానా కులాన్ని, మతాన్ని వేలెత్తి చూపించి కొట్టమనే పాటని ఆపెయ్యాల్సిందే. దాని మీద నాకు రెండో మాట లేదు. అందుకు ఇప్పుడున్న చట్టాలు చాలు.

6. ఆడపిల్లల ఫిర్యాదుని వేరే చూడాలి.

వినాయక చవితి పందిరి ముందు నుంచి కాలేజీ అమ్మాయిలు పోయే వేళకి పాట మారుతుంది, సౌండు పెరుగుతుంది. ఎవరికోసమో అందరికీ తెలుసు. ఇది పాటతో చేసే అల్లరి. బహిరంగ స్థలంలో ఇతరుల్ని ఇబ్బంది పెడుతూ అశ్లీల గీతం పాడితే మూడు నెలల దాకా జైలని పాత శిక్షాస్మృతిలో 294 సెక్షను ఉండేది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 296. కొత్త చట్టం అడిగేవాళ్ళు ముందు దీన్ని దుమ్ము దులపాలి. మా ఊరికి ఒకప్పుడు వచ్చిన ఎస్సైగారు కేసు కూడా రాయలేదు. కమిటీ పెద్దల కుర్చీలు తెప్పించి బాకా ముందు వేయించి, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళని కూడా పిలిపించి, "ఇందాకటి పాట పెట్టండి" అన్నాడు. పెట్టలేదు.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అసభ్యమైన డాన్సుల మీద హెచ్చరిక జారీ చేసింది. అది స్టెప్పుల గొడవ, సాహిత్యానిది కాదు. అభ్యంతరం న్యాయమైనదేనని నా ఉద్దేశం.

7. మనోభావాల క్యూకి చివర ఉండదు.

2017లో ‘దువ్వాడ జగన్నాథమ్’ సినిమాలో ఒక పాటలో మాటలు మమ్మల్ని కించపరుస్తున్నాయని బ్రాహ్మణ సంఘాలవారు అంటే, సినిమావాళ్ళు ఆ మాటలు మార్చేశారు. అడిగారు, మార్చారు, బావుంది. దాన్ని చట్టం చేసి, ఎవరికి నొప్పి కలిగినా పాట ఆపాలంటే మాత్రం నా షాపులో వెంకటేశ్వర సుప్రభాతం కూడా మిగలదు. దానికీ తెల్లారుజామున నిద్ర చెడినవాళ్ళుంటారు.

8. చెవిలో పెట్టుకున్న పాటకి కత్తెర అందదు.

సినిమా పాటైతే సెన్సారు బోర్డు చూస్తుంది. ఎవరికివారు తీసుకుని యూట్యూబులో పెట్టే పాటకి ముందస్తు సర్టిఫికెట్ అంటూ ఏమీ లేదు. మా మనవడు తొమ్మిదో తరగతి. వాడి ఇయర్‌ఫోన్లో ఒకటి నేనూ పెట్టుకున్నాను. తుపాకులూ, కార్లూ, ఎవడి అమ్మనో తిట్టడం. "దీనర్థమేంట్రా?" అన్నాను మామూలుగా. వాడు మొహం ఎర్రబడి, "బీట్ కోసం తాతయ్యా" అన్నాడు. "బీట్ బావుంది" అన్నాను, నిజంగానే బావుంది. తర్వాత ఆ పాట విన్నాడో మానాడో అడగలేదు.

ఇంట్లోవాళ్ళు ఇంట్లో చూసుకుంటారు. సర్కారు చూడాల్సింది వీధి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. ఏ పాటైనా సరే. హైదరాబాదు పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. అక్కడా వాళ్ళు పాటల జాబితా రాయలేదు, సౌండునే పట్టుకున్నారు. నన్నడిగితే సరైన చోటే చెయ్యి వేశారు, మా తమ్ముడి కొడుక్కి నచ్చకపోయినా.

మొన్న మా వీధి చవితి కమిటీ కుర్రాళ్ళొచ్చి, "పెద్దాయనా, ఏ పాటలు పెట్టకూడదో ఓ లిస్టు రాసివ్వండి, గొడవుండదు" అన్నారు. లిస్టు రాయలేదు. బాకాలు పందిట్లోకే తిప్పుకోండి, హాస్పిటలు వైపు ఒక్కటీ పెట్టొద్దు, పదింటికి కట్టెయ్యండి అన్నాను. మొదటి రెంటికీ సరేనన్నారు. మూడోదాని మీద బేరం ఇంకా నడుస్తోంది. పదిన్నర దగ్గర ఆగారు.