శ్రీకాళహస్తి కలంకారీ నేర్చిన యువతికి



కరక్కాయ కలిపిన పాలలో గుడ్డ తడపడం మొదలుకొని నీలిరంగు నింపడం వరకు నేర్చుకొని, శిక్షణ ముగించి బయటికి వచ్చిన యువ కళాకారిణి ఎదుట రెండు ప్రశ్నలు నిలుస్తాయి: ఈ పనితో జీవితాంతం బతకడం సాధ్యమా, బతుకుతూనే ఊరికీ తోటివారికీ అక్కరకు రావడం సాధ్యమా? ముందు స్థిరపడాలి, సమాజం సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు అన్న సలహా ఇటువంటి సమయంలో తరచుగా వినిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీని దగ్గరగా చూసినవారికి ఆ సలహా సరైనదిగా తోచదు. ఇక్కడ గుడ్డ మీద బొమ్మ ఒక్క చేతితో పూర్తికాదు కనుక, పని పంచుకొనేవారితో కళాకారిణి ఎలా నడుచుకుంటుందన్నదే ఆమె జీవనాన్నీ, ఆమె సామాజిక బాధ్యతనూ కలిపి నిర్ణయిస్తుంది.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో అద్దే గుడ్డలకూ కలంకారీ అన్న పేరే ఉన్నప్పటికీ, శ్రీకాళహస్తి పద్ధతిలో గీత మొత్తం వెదురు కలంతో, చేతితోనే సాగుతుంది. గుడిలో వేలాడదీసే పెద్ద గుడ్డ మీద నడుమ దేవతామూర్తిని నిలిపి, చుట్టూ వరుసలు వరుసలుగా రామాయణ భారత ఘట్టాలను గీసి, ఆ కథను తెలుగు అక్షరాలతో బొమ్మల పక్కనే రాయడం ఇక్కడి సంప్రదాయం. దేవాలయాలూ జమీందారులూ ఆదరించినంతకాలం సాగిన ఈ పని, మిల్లు గుడ్డ, రసాయన రంగులు వచ్చి, పోషకులు కరవై, ఇరవయ్యో శతాబ్దం మధ్యనాటికి దాదాపు అంతరించే దశకు చేరింది. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి ద్వారా, కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో, 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడి, జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పాత పనివారు గురువులుగా కూర్చోవడంతో ఈ విద్య మళ్లీ కోలుకుంది. ఆ కుటుంబానికే చెందిన జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. తిరుపతిలో దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలోనూ నేడు కలంకారీ నేర్పుతున్నారు. కొన్ని ఇళ్లలో మిగిలిన విద్యను ప్రజాధనం బడిగా మార్చి, ఆ ఇళ్లకు చెందనివారికీ, అందులో ఎందరో స్త్రీలకూ అందించిందన్న సంగతి ఈ తరం కళాకారిణి ఎన్నడూ మరువకూడనిది. ఆమె చేతికి కలం వచ్చింది ఆ దారినే.

బతుకు సంగతికి వస్తే, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో కోరమాండల్ తీరపు చరిత్రే చెబుతుంది. పదిహేడో శతాబ్దంలో ఈ తీరపు అద్దకం గుడ్డలకు ఐరోపాలో విపరీతమైన గిరాకీ ఉండేది. అక్కడి నేతపనివారు, వ్యాపారులు గగ్గోలు పెట్టడంతో ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లండు 1721లోనూ అటువంటి గుడ్డలను చట్టంతో కట్టడి చేశాయి. దూరదేశంలో ఎవరో తీసుకున్న నిర్ణయం ఇక్కడి అద్దకం వాడల మీద పడింది. నేటి కళాకారిణి విషయంలో ఆ ఒక్క కొనుగోలుదారు బెంగళూరులోని ఒక దుస్తుల దుకాణం కావచ్చు, ఏటా ఒకసారి వచ్చే ప్రదర్శన కావచ్చు. చీరలు, దుపట్టాలు నెలవారీ ఖర్చులకు, గోడకు వేలాడదీసే పెద్ద బొమ్మలు పేరుకూ పనితనం పెరగడానికీ, బోధన స్థిరమైన కొద్దిపాటి రాబడికీ ఉపయోగపడతాయి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఇల్లు గడిచేలా ఉండాలి. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు రాత్రి ఆటలు తగ్గిపోయిన కాలంలో అదే తోలుతో, అవే రంగులతో దీపపు గూళ్లు చేసి నిలదొక్కుకున్నారు. బొమ్మ నిలిచినా ఆట పలచబడటం అందులోని నష్టం. కనుక చిన్న వస్తువులు అమ్ముకుంటూనే ఏడాదికి ఒక్క పెద్ద కథాపటమైనా గీయాలన్న నియమం కలంకారీ కళాకారిణికి అవసరం.

ధర కట్టడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. గుడ్డ, రంగుల ఖర్చు లెక్కవేసి, దానిపై వ్యాపారి ఇవ్వజూపినంత పుచ్చుకోవడం అలవాటుగా మారితే, కళాకారిణి రోజులకు విలువే లేకుండా పోతుంది. ఉదాహరణకు ఒక చీరకు ఆమెకు 20 రోజులు, రంగులు నింపే ఇద్దరు సహాయకులకు చెరి 8 రోజులు పట్టాయనుకుంటే, ఆమె రోజు 700 రూపాయలు, సహాయకుల రోజు 450 రూపాయలు అని లెక్కించినప్పుడు కూలే 21,200 రూపాయలవుతుంది. గుడ్డ, కరక్కాయ, పాలు, రంగులు, ఉతుకుబడి కలిపి 4,000 రూపాయలు చేరిస్తే 25,200 రూపాయల లోపు అమ్మిన ప్రతిసారీ ఎవరో ఒకరి కూలి కోతపడినట్టే. ఆ కోత మొదట పడేది సాధారణంగా రంగులు నింపే స్త్రీల మీద. ఏ రోజు ఎవరు ఏ పని చేశారో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే ఈ లెక్క ఊహగా మిగలదు, బేరం దగ్గర మాట తడబడదు.

ఇక్కడే సామాజిక బాధ్యత అసలు రూపంలో కనిపిస్తుంది. గీత గీసినవారికి పేరు, పురస్కారం, వేదిక దక్కుతాయి; కరక్కాయ పాలలో గుడ్డ తడిపి ఆరబెట్టినవారు, పటిక పూసినవారు, రంగు నింపినవారు, నీళ్లలో నడుము వంచి ఉతికినవారు లెక్కలోకి రారు. అనితా రెడ్డి నెలకొల్పిన ద్వారక సంస్థ శ్రీకాళహస్తి పరిసరాల స్త్రీలను కలంకారీ పనివారిగా ఒకచోట చేర్చి, వారి పనికి మార్కెట్ చూపించడం ఈ లోటును తీర్చే దిశలో జరిగిన గట్టి ప్రయత్నం. ఆమెకు 2011లో పద్మశ్రీ వచ్చింది. సంస్థ పెట్టేంత శక్తి అందరికీ ఉండదు. అయినా, కథను అక్షరాలతో రాసే సంప్రదాయం ఉన్న ఈ గుడ్డ మీద, చివరి అంచున, పని చేసిన అందరి పేర్లూ అదే కలంతో రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. సహాయకులకు చీర అమ్ముడుపోయాక కాకుండా పని ముగిసిన రోజే కూలి ఇవ్వడం కూడా అంతే ముఖ్యమైనది, నిజానికి పేరు కంటే ముందు కావలసింది.

పద్ధతి విషయంలో రాజీ తగదు. ముతక నూలు గుడ్డలోని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడితే, పాలలోని కొవ్వు రంగు అటూ ఇటూ పాకకుండా ఆపుతుంది, కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో తొలిగీత గీసి, ఆపైన కసింతో స్థిరగీత గీస్తారు. కసిం అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో కొన్ని వారాలు పులియబెట్టి తీసిన ద్రవం. వెదురుపుల్ల మొనకు పైన ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలాన్ని అందులో ముంచి, ఉన్నిని వేళ్లతో మెల్లగా నొక్కితే రసం మొనకు దిగుతుంది. గుడ్డను తాకిన క్షణంలో పలచగా కనిపించే గీత, కరక్కాయ వగరును కలిసి చూస్తుండగానే నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆపైన చెట్ల వేళ్లతో, చెక్కలతో కాచిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. కరకపువ్వు పసుపును, నీలి ఆకు నీలాన్ని, ఆ రెండూ కలిసి ఆకుపచ్చను ఇస్తాయి. రసాయన నలుపు వాడితే వారాలు మిగులుతాయి. ఆ మిగులు కోసం అసలు రంగుల పేరిట అమ్మడం కొనేవారి నమ్మకాన్ని తినేయడమే అవుతుంది.

నమ్మకం ఎందుకంత విలువైనదంటే, మిల్లులో ముద్రించిన గుడ్డలు కలంకారీ పేరుతో తిరుపతి దుకాణాల్లో సైతం కుప్పలుగా దొరుకుతున్నాయి. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు, అంటే ఒక ప్రాంతపు నైపుణ్యంతో తయారయ్యే వస్తువు పేరును చట్టంతో కాపాడే నమోదు, లభించింది. ఆ నమోదు ఉన్నంత మాత్రాన ప్రతి కళాకారిణికీ దాని రక్షణ దానంతటదే రాదు. అధికృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు కూడా తొలి ఏడాదిలోనే తీసుకోవడం మేలు, ప్రదర్శనలకూ పథకాలకూ అదే ఆధారం.

పాత రాముడి బొమ్మ ఎవరి సొత్తూ కాదు, కానీ కళాకారిణి స్వయంగా కూర్చిన కొత్త చిత్రానికి 1957 నాటి కాపీరైటు చట్టం ఆమె జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఇస్తుంది. డిజైనుల చట్టం కింద నమోదుకు తగిన నమూనాను నమోదు చేయించకుండా, సొంతదారుగానీ ఆమె అనుమతి పొందినవారుగానీ యంత్రాల మీద 50 కంటే ఎక్కువసార్లు తయారుచేస్తే ఆ కాపీరైటు రక్షణ పోతుందన్న నిబంధన ఆ కాపీరైటు చట్టంలోనే ఉంది. కనుక గుడ్డల కంపెనీ నమూనా అడిగినప్పుడు, కాగితం మీద ఎన్ని గజాలకు, ఎంతకాలానికి, ఎవరి పేరుతో అన్నది రాయించుకోకుండా ఫోటో కూడా పంపకూడదు.

బొమ్మల్లో ఏం చెప్పాలన్నది మరో ప్రశ్న. పురాణాలు గీయడం వెనుకబాటు అనీ, సమస్యలు గీస్తేనే సామాజిక స్పృహ అనీ అనుకోవడం పొరపాటు. నినాదం రాసిన గుడ్డ ప్రదర్శన ముగిసేసరికి పాతబడుతుంది. వరుసల్లో కథ చెప్పే ఈ రూపానికి ఒక ప్రత్యేకమైన బలం ఉంది: ఏది ముందు జరిగింది, దేనివల్ల ఏది జరిగింది అన్నది అది చూపగలదు. చిత్తూరు తోతాపురి మామిడి రైతు పూత నుంచి గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ల బారు వరకు, మదనపల్లె టమోటా తోటలో బోరు ఎండిపోవడం నుంచి వలస బస్సు వరకు సాగే కథలకు ఈ వరుసల పటం కంటే తగిన రూపం దొరకదు. అటువంటి పటం గీసే ముందు ఆ రైతుల దగ్గర కూర్చుని వినడం, గీసిన తరువాత మొదట వారికే చూపించి, తప్పు ఉందంటే దిద్దడం అవసరం.

ఇక నీళ్లు, వానలు. రంగు వేసిన ప్రతి దశ తరువాతా గుడ్డను పారే నీటిలో జాడించాలి, మంచి ఎండలో ఆరబెట్టాలి. స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే ఉంటుంది, 2021 నవంబరులో వచ్చినట్టు వస్తే వరదగా వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అద్దకం పని సరిగా సాగదు గనుక, ఆ మూడు నెలల ఖర్చును మిగిలిన తొమ్మిది నెలల ధరలోనే కలుపుకోవాలి. ఆ వాన నెలల్లో శ్రీకాళహస్తి, ఏర్పేడు ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి రెండు పూటలు పిల్లలకు బొగ్గుగీత, కలం పట్టు నేర్పే ఏర్పాటు చేసుకుంటే ఆమెకు కొంత రాబడి, పిల్లలకు ఒక పరిచయం కలుగుతాయి. ప్రధానోపాధ్యాయులు ఆ నెలల పాఠాల పట్టిక ముందే వేసుకుంటారు గనుక, జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే వెళ్లి అడగడం మంచిది. వెంట తీసుకువెళ్లవలసింది ఒక పూర్తయిన గుడ్డ, ఒక సగం గీసిన గుడ్డ, నాలుగు కలాలు.