స్టైపెండ్‌తో పరిశోధన: బీటెక్ విద్యార్థుల హక్కులు, నియమాలు

బీటెక్ చదువుతూనే వేసవిలో ఏ ఐఐటీ ల్యాబ్‌లోనో రెండు నెలలు పరిశోధన చేసి, అందుకు స్టైపెండ్ కూడా అందుకోవచ్చన్న సంగతి మన కాలేజీల్లో చాలామందికి మూడో సంవత్సరం దాటేదాకా తెలియదు. తెలిసి వెళ్లినవాళ్లు కూడా ‘తీసుకున్నారు, అదే పదివేలు’ అనుకుని మిగతా విషయాలేవీ అడగరు. అడగాలి. అడిగితే సీటు పోదు.

ఈ అవకాశాలు ఎక్కడుంటాయి? ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా అర్హులే. ఐఐటీ మద్రాస్‌కు సమ్మర్ ఫెలోషిప్, కాన్పూర్‌కు సర్జ్, గాంధీనగర్‌కు ఎస్‌ఆర్‌ఐపీ, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌కు ష్యూర్ ఉన్నాయి. అకాడమీల ఫెలోషిప్‌కు సంక్రాంతి తర్వాత చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది; దసరా సెలవుల నుంచే వెబ్‌సైట్లు చూస్తుండాలి. ఐఐటీల ప్రకటనలు సాధారణంగా ఆ తర్వాత వస్తాయి. ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ గురించి చాలామంది అడుగుతారు. అది ప్రాథమిక విజ్ఞాన శాస్త్రాలు చదివేవారికి, బీటెక్ వారికి కాదు.

మా అమ్మాయి అమెరికాలో బీఎస్ చదువుతోంది. అక్కడి ఆర్‌ఈయూకి వెళ్లొచ్చా?

అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో, డిగ్రీ విద్యార్థుల పరిశోధన కోసం నడిచే ఆర్‌ఈయూ కేంద్రాల్లో ఆ సంస్థ ఇచ్చే స్టైపెండ్ అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. ఎఫ్‌-1 వీసా మీద ఉన్న అమ్మాయికి అది రాదు. తన యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర జీతానికి పనిచేయవచ్చు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. ఎంఐటీలో 1969 నుంచి నడుస్తున్న యూఆర్ఓపీ పథకం ఇలాంటిదే. అక్కడొక మంచి నియమముంది: ఒకే పనికి జీతం, క్రెడిట్లు రెండూ ఇవ్వరు. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

మన దేశంలో స్టైపెండ్ కనీసం ఇంత ఇవ్వాలని చట్టం ఉందా?

వేసవి పరిశోధనకు వచ్చిన విద్యార్థికి ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పే చట్టం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నమోదైనవాళ్లకు కనీస స్టైపెండ్ ఉంది కానీ ఫెలోషిప్‌లు దాని కిందికి రావు. అందుకే సంస్థ పంపే ఆఫర్ లెటర్ ఇక్కడ చాలా విలువైనది. అందులో ఏం రాసి ఉంటే దాన్నే మీరు గట్టిగా అడగగలరు. ప్రొఫెసర్ ఫోన్‌లో చెప్పిన మాట ఎంత మంచి మనసుతో చెప్పినా అకౌంట్స్ సెక్షన్‌లో చెల్లదు.

లెటర్ రాగానే కొన్ని విషయాలు చూసుకోండి. మొత్తం ఎంత? నెలనెలా ఇస్తారా, రిపోర్టు ఇచ్చాక చివర్లో ఒకేసారి వేస్తారా? హాస్టల్ అద్దె, మెస్ ఖర్చు ఎవరివి? రైలు చార్జీ ఇస్తారా, టికెట్ దాచుకోవాలా? ఎన్ని రోజులు సెలవు పెడితే కోత పడుతుంది? లెటర్‌లో లేనిది మెయిల్‌లో అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తెప్పించుకోండి. స్టైపెండ్ చివర్లో ఇస్తారని తేలితే రెండు నెలల మెస్ డబ్బు ముందే చేతిలో ఉండాలి. ఇంట్లోవాళ్లు అప్పు చేయాల్సి వచ్చేదీ, మంచి అవకాశాన్ని పిల్లలు వదులుకునేదీ ఇక్కడే. కాబట్టి మొహమాటపడకుండా అడ్వాన్స్ అడగండి.

పని పూర్తయి నెలలు గడిచినా డబ్బు పడలేదు. ఏం చేయాలి?

ముందు గైడ్‌కు, తర్వాత ఆ కార్యక్రమం చూసే డీన్ ఆఫీసుకు లెటర్, రిపోర్టు, బ్యాంకు వివరాలు జతచేసి మెయిల్ పెట్టండి. చాలా ఆలస్యాలు తప్పు అకౌంట్ నంబరు వల్లో, అందని ఒక సంతకం వల్లో జరుగుతాయి. అప్పటికీ కదలకపోతే ఐఐటీ, ఎన్‌ఐటీ వంటి ప్రభుత్వ సంస్థల విషయంలో సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో ‘నా ఫైలు ఏ దశలో ఉంది, ఎవరి దగ్గరుంది’ అని అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఒక సంస్థ ఫీజు కడితే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ ఇస్తానంటోంది...

కట్టకండి. కొద్దిపాటి దరఖాస్తు రుసుము వేరు. మీ పనికి మీరే డబ్బు కట్టడం పరిశోధన కాదు. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కోవడానికి, దీనికి తేడా లేదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆ సర్టిఫికెట్ విలువెంతో తెలిసిపోతుంది.

సిమ్యులేషన్లు నేనే చేశాను. పేపర్‌లో నా పేరు లేదు. అడగొచ్చా?

తప్పకుండా అడగవచ్చు. డబ్బు విషయంలో చట్టం మీకు ఇచ్చింది తక్కువే, పేరు విషయంలో మాత్రం అంతకంటే ఎక్కువే ఇచ్చింది. ముందు జర్నళ్ల నియమాలు చూద్దాం. ఐఈఈఈ నియమాల ప్రకారం ఆ పనిలో చెప్పుకోదగిన మేధోపరమైన పాత్ర ఉండి, రాయడంలోనో దిద్దడంలోనో పాలుపంచుకుని, తుది ప్రతిని ఆమోదించినవారు రచయితలు. కేవలం చెప్పిన బటన్లు నొక్కి రీడింగులు తీసినవారికి కృతజ్ఞతల్లో చోటు దక్కుతుంది. మీది ఏ కోవలోకి వస్తుందో నిజాయతీగా చూసుకోండి. తేదీలతో ల్యాబ్ నోట్‌బుక్ రాసుంటే వాదన అవసరమే ఉండదు. అందుకే మొదటి రోజు నుంచే రాయమని మరీ మరీ చెప్తున్నాను. పేర్ల సంగతి పని మొదలైన రెండో వారంలోనే గైడ్‌ను మర్యాదగా అడగండి: “సార్, ఇది పేపర్ అయితే నా పాత్ర ఎలా ఉంటుంది?” ఏ మంచి గైడూ ఈ మాటకు నొచ్చుకోరు.

చట్టం సంగతికొస్తే, ఆలోచనకు కాపీరైట్ లేదు. మీరు రాసిన రిపోర్టుకు, కోడ్‌కు, గీసిన డ్రాయింగుకు ఉంది. మీరు ఉద్యోగి కానప్పుడు, హక్కులు రాసివ్వనప్పుడు వాటి తొలి యజమాని సాధారణంగా మీరే; ఐఐటీ వంటి ప్రభుత్వ సంస్థ అజమాయిషీలో చేసిన పనికి మాత్రం ఆ సంస్థే తొలి యజమాని కావచ్చు. రాసిచ్చేసినా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితాల్లో మేధోహక్కుల షరతు ఉందేమో చదవండి. పేటెంటు అయితే, ఆవిష్కర్తగా మీ పేరు చేర్చమని మంజూరుకు ముందే కోరవచ్చు. దరఖాస్తు పడకముందే వివరాలు ఆన్‌లైన్‌లో పెడితే మాత్రం పేటెంటే దక్కకపోవచ్చు. గైడ్‌ను అడగకుండా కోడ్ బయటపెట్టకండి.

వేరే కాలేజీలో ఉండగా వేధింపు ఎదురైతే ఎవరికి చెప్పాలి? మా కాలేజీకా, వాళ్లకా?

2015 యూజీసీ నిబంధనలు దీనికి సూటిగా జవాబిచ్చాయి. మరో విద్యాసంస్థలో ఏదైనా కార్యక్రమానికి వెళ్లిన విద్యార్థిపై లైంగిక వేధింపు జరిగితే, ఆ ఫిర్యాదు వరకు ఆ విద్యార్థిని ఘటన జరిగిన సంస్థ విద్యార్థిగానే చూడాలి. ‘నువ్వు మా స్టూడెంట్‌వి కాదు’ అని వాళ్లు పంపేయడానికి వీల్లేదు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు అక్కడి అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణముంటే గడువు పెంచవచ్చు. యూజీసీ పరిధిలోకి రాని సంస్థ, ప్రభుత్వ ప్రయోగశాల అయితే పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం వర్తిస్తుంది. దాని కింద ఫిర్యాదు చేయడానికి ఆ మహిళ అక్కడ ఉద్యోగి అయి ఉండాల్సిన పనిలేదు. చేరిన రోజే కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి.

మా కాలేజీ ఎన్‌వోసీ ఇవ్వనంటోంది. సెమిస్టర్ పరీక్షలు కూడా అదే సమయంలో ఉన్నాయి.

యూనివర్సిటీ పరీక్షలు మే, జూన్ నెలల్లోకి జరిగి ఫెలోషిప్ తేదీలకు అడ్డం రావడం మనవాళ్లకు పెద్ద బాధ. ఆఫర్ ఒప్పుకునే ముందే పరీక్షల టైమ్‌టేబుల్ జతచేసి తేదీలు మార్చమని అడగండి. చాలామంది గైడ్‌లు సర్దుతారు. ఎన్‌వోసీకి నోటిమాటగా కాదు, హెచ్‌వోడీ ద్వారా ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసివ్వమనండి.

స్టైపెండ్ మీద పన్ను పడుతుందా?

చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు మినహాయింపు ఉంది. పనికి ప్రతిఫలంగా ఇచ్చిందైతే అది వర్తించకపోవచ్చు. అయినా రెండు నెలల స్టైపెండ్ తప్ప వేరే ఆదాయం లేని విద్యార్థి పన్ను పరిమితి దాటడం అరుదు. టీడీఎస్ కోసి ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోండి.

మధ్యలో మానేయవచ్చా?

మానేయవచ్చు. గైడ్‌కు మెయిల్ పెట్టి, డేటా, నోట్‌బుక్ అప్పగించి, పనిచేసిన వారాలకు లెటర్ అడగండి. ఆ వారాల స్టైపెండ్ వస్తుందా రాదా అనేది ఆఫర్ లెటర్ షరతుల మీద ఆధారపడుతుంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరైనా అడిగితే చూపించి అప్పుడే వెనక్కి తీసుకోండి. విద్యాసంస్థలు వాటిని తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.