ముందు ఆగడం నేర్పండి

షోలవరంలో విమానాల పాత రన్‌వే మీద ఫియట్ కార్లు పందేల్లో పరుగులు తీస్తుంటే ఎండలో నిలబడి చూసినవాణ్ణి. ఆ ఫియటే మన దేశంలో తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. నెల్లూరులో చింతచెట్టు కింద ఏళ్ల తరబడి కదలకుండా పడివున్న ఒక పద్మినిని కొని, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పుకునేలా చేసుకున్నాను. అలాంటి బండి కట్టాలని వచ్చే కుర్రాళ్లందరూ ముందు ఇంజిన్ గురించే అడుగుతారు. వాళ్లకు నేను చెప్పే మాటలివి.

1. రేకు చూసి కొనండి.
పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని ఎముకలగూడు. జాకీ ఎత్తి, స్టాండ్లు పెట్టి, కిందికి దూరండి. తలుపుల కింది రేకునూ, వెనక స్ప్రింగ్ పట్టీలు బిగించే చోటునూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు బొదబొదమంటూ ముఖం మీద పొట్టు రాలుస్తుంది. అలాంటి బండి ఉచితంగా ఇచ్చినా వద్దు. టింకరింగ్‌కే డబ్బంతా పోతుంది.

2. మొదటి రూపాయి బ్రేకులకే.
పద్మినికి నాలుగూ డ్రమ్ములే. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన వేడి నాలుగింతలు. నా మొదటి రోజు నాలుగో రౌండులో, పొడవాటి దారి చివర పెడల్ నొక్కితే కాలు నేల దాకా దిగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కితే కాస్త పట్టింది. బండి గడ్డిలోకి పోయి ఆగింది. తప్పు నాదే, పాత బ్రేక్ ఆయిల్ మార్చలేదు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగని డాట్ 3 రకం ఆయిల్, తేమ పట్టాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే బుడగలు, బుడగలుంటే బ్రేకు లేదు. ట్రాక్‌కు వెళ్లే ముందు ప్రతిసారీ కొత్త డాట్ 4 పోసి, నాలుగు చక్రాలూ బ్లీడ్ చేయించండి.

3. టైరు వయసు చదవండి.
పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు నిండుగా ఉన్నా, ముదిరిన రబ్బరు చెక్కతో సమానం.

4. బరువు తీయండి, రక్షణ తీయకండి.
వెనక సీటు, కార్పెట్లు తీసేయడానికి ఖర్చే లేదు. ఆ మిగులుతో ఒంటిని పట్టుకునే సీటు, మంచి బెల్టు, హెల్మెట్ కొనండి. మలుపులో పడిపోకుండా స్టీరింగ్‌ను పట్టుకుని వేలాడేవాడికి చక్రాలు చెప్పేది చేతికి అందదు.

5. ఇంజిన్ చివర.
1089 సీసీ చాలు. ట్యాపెట్లు, ప్లగ్గులు, టైమింగ్ సరిచేయించి, రేడియేటర్ కడిగించి, హోస్ పైపులు కొత్తవి వేసి ఒక ఏడాది అలాగే నడపండి. శక్తి తక్కువున్న బండిలో మలుపు దగ్గర పోగొట్టుకున్న వేగం తొందరగా తిరిగి రాదు. అందుకే అది చక్కగా నడపడం నేర్పుతుంది.

6. రోడ్డు మీద వద్దు.
బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ట్రాక్‌కు ట్రైలర్ మీద తీసుకెళ్లండి.

7. చెయ్యి పెట్టి చూడండి.
చివరి రౌండు నెమ్మదిగా తిప్పి, బ్రేకులు చల్లారనివ్వండి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా చక్రానికి రాయి అడ్డం పెట్టండి. ఆ తర్వాత ఒక్కో చక్రం దగ్గరా అరచెయ్యి ఆనించకుండా చాపండి. మిగతా మూడింటి కంటే ఒకటి ఎక్కువ సెగ కొడితే అక్కడ షూ పట్టేస్తోందన్నమాట. ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ, ఎంతసేపట్లో తిరిగానో అడిగే ముందు నేను చేసే పని ఇదే.