మిలియన్ అని రాసే ముందు

హైదరాబాద్ టీమ్ బడ్జెట్ కోటిన్నర రూపాయలు. అమెరికా మేనేజరుకు మెయిల్ పెట్టేటప్పుడు చేయి అలవాటుగా ‘1.5 మిలియన్’ అని కొట్టేస్తుంది. అది పదిహేను లక్షలే. అవతలివాళ్లు చకచకా ఓకే చెప్పేస్తారు, అడిగింది పదో వంతే కదా! కోటిన్నర అంటే 15 మిలియన్లు.

పది లక్షలు మిలియన్, వంద కోట్లు బిలియన్, లక్ష కోట్లు ట్రిలియన్. మిలియన్లను పదితో భాగిస్తే కోట్లొస్తాయి, బిలియన్లను వందతో హెచ్చిస్తే కోట్లొస్తాయి. డాలర్లయితే ముందు ఈ మార్పిడి చేసుకుని, తర్వాతే మారకం రేటు వేయండి. రెండూ ఒకేసారి నోటిలెక్కన చేయబోతేనే సున్నా జారిపోతుంది.

రాతలో ఇంకో తంటా. మనం ఐదు లక్షలు, మూడు కోట్లు అని బహువచనంలో అంటాం కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ‘ఫైవ్ మిలియన్స్ డాలర్స్’ అనేస్తాం. ముందు అంకె ఉంటే ‘ఫైవ్ మిలియన్ డాలర్స్’ అనాలి. అంకె చెప్పకుండా లక్షలాది మంది అనేటప్పుడే ‘మిలియన్స్ ఆఫ్ యూజర్స్’. రెజ్యూమేలో ఈ మాట కనిపిస్తే నాకైతే అనుమానమే. ఎంతమందో తెలిస్తే అంకే వేసేవారుగా?

పొట్టి అక్షరాలతో జాగ్రత్త. ‘ఎం’ అంటే చాలాచోట్ల మిలియనే. కానీ ఫైనాన్స్‌లో కొందరికి అది రోమన్ అంకెల వెయ్యి, మిలియన్‌కు వాళ్లు రెండు ఎంలు వేస్తారు. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్ ధర వార్తల్లో వినిపించే ‘ఎంఎంబీటీయూ’లో ఉన్నవి ఆ రెండు ఎంలే. అందుకని పట్టిక నెత్తిన యూనిట్‌ను పూర్తి మాటలో రాయండి, ఇతరుల పట్టికలోనూ ముందు అదే చూడండి. విప్రో తన ఫలితాలను మిలియన్ల రూపాయల్లో ఇస్తుంది, టీసీఎస్ కోట్లలో ఇస్తుంది. ఆ లైను చదవకుండా పక్కపక్కన పెట్టారంటే విప్రో అంకెలు పదింతలు లావుగా కనిపిస్తాయి.

కామాలూ అంతే. 1,50,00,000 అని మనం రాసేది అమెరికావాళ్లకు 15,000,000. ఎక్సెల్‌లో కామాలు వాళ్ల పద్ధతిలో పడుతుంటే విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లో డిజిట్ గ్రూపింగ్ మార్చుకోవచ్చు.

జర్మనీ క్లయింట్లతో మరీ మెలకువగా ఉండాలి. వంద కోట్లను వాళ్లు మిలియార్డె అంటారు, వాళ్ల బిలియోన్ లక్ష కోట్లు. బ్రిటన్‌లోనూ పాత వాడుక అదే, 1974లో ప్రభుత్వం వంద కోట్ల బిలియన్‌కు మారింది. జర్మన్ ఇన్‌వాయిస్‌లో చుక్క, కామా కూడా తారుమారు: 1.500,75 అంటే పదిహేను వందల యూరోలు, పైన 75 సెంట్లు.