రోడ్ల ఇంజినీరు శాసనసభకు: అరుణా మిల్లర్

మన పావగడకు ఒక్కరే ఎమ్మెల్యే. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో అట్లా కాదు. అక్కడ 47 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ఒక సెనేటరు, ముగ్గురు ప్రతినిధులు. ప్రతినిధుల సభలో మొత్తం 141 మంది. 2010 ఎన్నికల్లో 15వ నియోజకవర్గం నుంచి ఆ ముగ్గురిలో ఒకరుగా గెలిచినావిడ మన తెలుగామె, అరుణా మిల్లర్. పుట్టింటి పేరు కాట్రగడ్డ.

1964లో హైదరాబాదులో పుట్టారు. ఏడేళ్ల వయసులో, 1972లో, అమెరికా చేరారు. నాన్న ఐబీఎం కంపెనీలో ఇంజినీరు. ఈమె కూడా మిస్సోరీలో సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గొమెరీ కౌంటీ రవాణా శాఖలో 25 ఏళ్లు పనిచేశారు. జనం బడికి, పనికి భద్రంగా చేరే దారులు చూడటమే ఆ ఉద్యోగం. బస్సు తప్పితే క్లాసు తప్పే మనకు ఆ పని విలువ వేరే చెప్పాల్నా?

ఆమెకు పౌరసత్వం వచ్చింది 2000లో. అంటే 28 ఏళ్లు అక్కడే బతికినా అంతవరకు ఓటు లేదు. ఓటు వచ్చిన పదేళ్లకే సభలో సీటు! నాకు అన్నిటికన్నా ఇదే పెద్ద విషయమనిపిస్తుంది. మనకేమో 18 నిండితే చాలు, ఓటు ఇంటికొచ్చినట్టే.

ఉద్యోగం చేస్తూ శాసనసభకు ఎట్లా పోయినారని అడగొచ్చు. మన దగ్గర సర్కారు ఉద్యోగి పోటీ చేయాలంటే ముందు రాజీనామా ఇవ్వాలి. అక్కడ సభ ఏడాదికి 90 రోజులే, జనవరి నుంచి ఏప్రిల్ దాకా. మిగతా రోజులు ఎవరి పని వాళ్లది. చట్టం చేసేవాళ్లు జనంతోపాటే జీతానికి పనిచేయడం నాకైతే నచ్చింది.

2018లో ఆ సీటు వదిలి, దేశ పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు ప్రయత్నించారు. అక్కడ అభ్యర్థిని పార్టీ పెద్దలు కాదు, ఓటర్లే ముందస్తు ఎన్నికలో తేలుస్తారు. అందులో మద్యం దుకాణాల వ్యాపారి డేవిడ్ ట్రోన్ కోటి డాలర్లకు పైగా సొంత డబ్బు పెట్టి గెలిచారు. అరుణ రెండో స్థానం. డబ్బు రాజకీయం మన ఊర్లలోనే ఉందనుకునేవాళ్లు ఇది గమనించాల.

సీటూ పోయింది, కాంగ్రెసూ దక్కలేదు. అయినా 2022లో వెస్ మూర్ గవర్నరుగా, ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగా జంటగా పోటీ చేసి గెలిచారు. మన గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడి గవర్నరు జనం ఎన్నుకునే మనిషి, మన ముఖ్యమంత్రి లాగా. 2023 జనవరి 18న ఆమె భగవద్గీత మీద ప్రమాణం చేశారు. అమెరికాలో ఆ పదవికి ఎన్నికైన మొదటి దక్షిణాసియా మూలాల మహిళ ఆమే.

"మన తెలుగమ్మాయి" అని పేపర్లు సంబరపడినాయి. సరే, కానీ ఓటేసింది మేరీల్యాండ్ వాళ్లు, వాళ్ల రోడ్లను పాతికేళ్లు చూసుకున్న మనిషికి. ఇంట్లో తెలుగు, బయట కన్నడ మాట్లాడే మనకు ఇది బాగా అర్థమవుతుంది. 2023లో మన విధానసభకు గెలిచిన 224 మందిలో ఆడవాళ్లు 10 మందే.